ఠాణాలో ముప్పది దినములు

ఆడపిల్లల చదువును గూర్చి మన యిండ్లలో ఇప్పుడు వాదము లేదు. బడికి పంపుదుము, కళాశాలకు పంపుదుము, వైద్యశాలలోనో, బ్యాంకులోనో, కచ్చేరిలోనో ఉద్యోగము దొరికినచో పదిమందికి చెప్పుకొని సంతోషింతుము. కాని ఆ చదువు పోలీసు ఠాణా గుమ్మము దాక వచ్చునప్పటికి మన నోట మాట రాదు. "ఠాణా మెట్లెక్కిన కుటుంబము" అనుట మా సీమలో నేటికిని నిందయే. దొంగతనము జరిగిన యింటివారు సయితము ఫిర్యాదు చేయుటకు నలుగురిని అడిగి, నాలుగు దినములు ఆలోచించి, తుదకు మానుకొనుట మేము పలుమారులు చూచితిమి. అట్టి చోటికి చదువుకొను పిల్లలను మనమే పంపవలెనా యను ప్రశ్న ఈ నడుమ మా కుటుంబముననే పుట్టినది. అందుచేత దానిని గూర్చి మాకు తోచిన నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

సంగతి యిది. కేంద్రప్రభుత్వమువారి యువజన శాఖ 2023 అక్టోబరు 31 వ తేదీన 'మేరా యువ భారత్' అను సంస్థను స్థాపించినది. ఆ సంస్థ ద్వారా, హోం శాఖవారి సహకారముతో, కళాశాలలలోను విశ్వవిద్యాలయములలోను చదువు విద్యార్థులు పోలీసు పనిని దగ్గరనుండి చూచి నేర్చుకొనుట కొక కార్యక్రమము ఏర్పడినది. 'స్టూడెంట్ పోలీస్ ఎక్స్‌పీరియెన్షియల్ లెర్నింగ్' అని దాని పేరు. పిల్లలు పొట్టిగా 'స్పెల్' అందురు. ముప్పది దినములలో 120 గంటలు విద్యార్థి ఠాణాలో గడపవలెను. నేరచట్టములు, దర్యాప్తు జరుగు తీరు, రహదారుల మీద వాహనముల క్రమము, కంప్యూటరు మోసములు, శాంతిభద్రతలు - వీనిలో తొలిపాఠములు అచ్చట నేర్చును. జీతము కొరకు చేయు పని కాదు. నేర్చుకొనుటకు చేయు సహాయము.

మా నివాసము హిందూపురము. మా అన్నగారి కుటుంబము ధర్మవరమున నున్నది. నడుమ పెనుకొండ. ఈ మూడు ఊళ్లును బెంగుళూరునుండి గుంతకల్లునకు పోవు రైలుదారిలో నున్నవి. మూడింటికిని మూడు తీరుల బ్రతుకు. హిందూపురమున బెల్లము, చింతపండు, పట్టుగూళ్ల బేరములు. కొంచెము దూరము పోయినచో కన్నడసీమ. పెనుకొండ 1565 తరువాత విజయనగర రాజులకు రాజధానియైన దుర్గము. నేడు దాని సమీపమున ఎర్రమంచి యొద్ద కియా వారి కార్ల కర్మాగారము. ధర్మవరము పట్టుచీరెల ఊరు. 2022 ఏప్రిల్ 4 నుండి ఈ మూడును శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినవి. ఐనను పిల్లల పైచదువునకు అనంతపురమే ఇప్పటికిని పెద్ద దిక్కు. 1981 లో ఏర్పడిన శ్రీ కృష్ణదేవరాయ విశ్వవిద్యాలయము అచ్చటనే యున్నది; పోలీసు శిక్షణ కళాశాలయు ఆ యూరనే యున్నది.

మా మేనకోడలు డిగ్రీ చివరి సంవత్సరము చదువుచు, సెలవులలో ఈ కార్యక్రమమున చేరుదునని యింట అడిగినది. మా అన్నగారు "చూతము" అనిరి. మా వదిన మాత్రము కంట నీరు పెట్టుకొని మమ్ము ధర్మవరమునకు పిలిపించెను. "ఆడపిల్ల ఠాణాలో నెల దినములు కూర్చున్నదని తెలిసినచో రేపు సంబంధము చూచువారేమందురు? నీ మాట అది వినును, నీవైనను చెప్పు" అనెను. వదిన భయము అకారణమైనది కాదు. ఆ భయమునకు మన సీమలో చాల పాత చరిత్ర యున్నది. దానిని త్రోసివేయుటకు ముందు తెలిసికొనుట మంచిదని మాకు తోచినది.

1800 వ సంవత్సరమున ఈ దత్తమండలములు కుంపిణీవారి చేతికి వచ్చినవి. 1807 వరకు థామస్ మన్రో దొర యిచ్చట ప్రధాన కలెక్టరు. ఆ కాలమున ఊరి కావలి తలారిది. దొంగతనమైనచో తలారి అడుగుజాడ పట్టి పోవలెను. జాడ ఏ ఊరి పొలిమేరలో ఆగిపోయినదో ఆ ఊరి తలారి అందుకొనవలెను. లేకున్నచో పోయిన సొత్తునకు ఆ ఊరివారే ఉత్తరవాదులు. చూచిన జాడను బట్టి నడచు ఈ పద్ధతిలో మంచి యున్నది. కాని జాడ దొరకనప్పుడు దెబ్బలు కొట్టి ఒప్పించు అలవాటు కూడ ప్రబలినది. పన్ను వసూలులోను నేరవిచారణలోను జరుగు హింసను విచారించుటకు చెన్నపట్టణపు ప్రభుత్వమువారు ఒక సంఘమునే నియమింపవలసి వచ్చినది. ఆ సంఘమువారి నివేదిక 1855 లో వెలువడినది. తరువాత 1859 లో చెన్నపురి రాజధానికి క్రొత్త పోలీసు చట్టము వచ్చినది. పోలీసు అధికారి యెదుట ఒప్పుకొన్న మాట న్యాయస్థానమున ముద్దాయిపై సాక్ష్యముగా చెల్లదను నియమము 1861 నాటి చట్టములో చేరి, 1872 నాటి సాక్ష్యచట్టములో నిలిచి, 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ సాక్ష్య అధినియమములో 23 వ సెక్షనుగా నేటికిని ఉన్నది. ఇంతకాలము ఒక దేశపు చట్టము తన పోలీసుల యెదుట పుట్టిన మాటను నమ్మక నిలిచినదన్నచో, మన అవ్వలు ఠాణా పేరు చెప్పి పిల్లలను భయపెట్టుటలో వింత యేమున్నది?

అయినను ఈ నియమములోనే ఒక పాఠ మున్నది. ఒప్పించుట దర్యాప్తు కాదు. జాడ తీయుట దర్యాప్తు. చదువుకొన్న పిల్లలు ఠాణాలో నేర్వదగినది ఇదియే యని వదినకు చెప్పితిమి. ఆమె ఒప్పుకొనలేదు; కాని వద్దనియు అనలేదు. పిల్ల వెళ్లినది.

మొదటి వారము దానికి దక్కినవి ఒక కుర్చీ, ఒక బల్ల, కాగితములు. ఠాణాలో కాగితపు పని చూచువానిని రైటరు అందురు. ఆయన ప్రక్కన కూర్చుండి, వ్రాయరాని వారు చెప్పు ఫిర్యాదులను అర్జీలుగా వ్రాసి యిచ్చుట దాని పని. చలనచిత్రములలో చూచిన పరుగులు లేవు, వేషములు లేవు. "అత్తా, ఇది కరణము పనివలె నున్నది" అని ఫోనులో విసుగుకొనెను. రెండవ వారమున ఆ విసుగు పోయినది. కారణము ఒక గొలుసు.

ఆ సంగతి మాకు చెప్పినప్పుడు అది ఊరు చెప్పలేదు, పేరు చెప్పలేదు, వీధి చెప్పలేదు. మేము అడుగగా, "అత్తా, వారి యింటి మాట నాది కాదు గదా, ఎట్లు చెప్పుదును?" అనెను. మా కా జవాబు చాల నచ్చినది. గుర్తులు తీసివేసి అది చెప్పినంతవరకే మేమును వ్రాయుచున్నాము.

ఒక పెద్దామె వచ్చి, తన రెండు పేటల గొలుసు పోయినదనియు, క్రొత్తగా కాపురమునకు వచ్చిన కోడలే తీసి పుట్టింటికి చేరవేసినదనియు వ్రాయుమనెను. పిల్ల అట్లే వ్రాయబోయెను. అచ్చట నున్న మహిళా ఎస్సై కాగితము చూచి, "ఈమె కంట చూచినదేది, మనసున అనుకొన్నదేది? రెండును వేరువేరుగా వ్రాయుము" అని చెప్పెనట. అప్పుడు ప్రశ్నలు మారినవి. గొలుసు కడపటిసారి ఎప్పుడు చూచితివి? ఎచ్చట పెట్టితివి? పెట్టె తాళము ఎవరెవరి చేతికి వచ్చును? పెద్దామె చాలసేపు ఆలోచించి, నాలుగు నెలల క్రిందట ఒక పెండ్లిలో పెట్టుకొని పెట్టెలో దాచితిననియు, మరల తీయలేదనియు చెప్పెను. కోడలు కాపురమునకు వచ్చి రెండు నెలలే యైనది! దర్యాప్తు మరి నాలుగు దినములు సాగినది. కుదువ అంగడి లెక్కలో గొలుసు దొరికినది. కుదువ పెట్టినవాడు ఆమె కొడుకే. పెండ్లికి ముందే అప్పు తీర్చుటకు పెట్టి, విడిపించి యథాస్థానమున పెట్టవచ్చునని మిన్నకుండెను. ఈలోపల ఆ కోడలిని పుట్టింటికి పంపుటకు మూటాముల్లె కట్టించి యుండిరట.

సోదరీమణులారా, ఈ కథలో ఠాణావారు చేసిన అద్భుత మేదియు లేదు. "ఎప్పుడు చూచితివి" అను ఒక్క ప్రశ్న అడిగిరి. ఆ ప్రశ్న యింటిలో ఎవరును అడుగలేదు. వెండిగిన్నె కనబడనప్పుడు పనిమనిషిని, గొలుసు కనబడనప్పుడు కోడలిని, డబ్బు కనబడనప్పుడు చుట్టపు పిల్లవానిని మనసులో దోషులుగా నిలుపుట మన యిండ్లలో క్షణము పని. ఆ తీర్పునకు అప్పీలు లేదు. గిన్నె అటక మీద దొరికిన తరువాత కూడ పనిమనిషి మానము తిరిగి రాదు. చూచినదానిని, అనుకొన్నదానిని వేరుపరచు అలవాటు ఒక పిల్ల ఠాణాలో నేర్చి యింటికి తెచ్చినచో, అది ఆ యింటికి పెద్ద లాభమని మా నమ్మకము.

విద్యార్థులు పోలీసులతో చేరుట క్రొత్త యనుకొనకుడు. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రమున బర్క్‌లీ యను ఊరికి ఆగస్టు వోల్మర్ అనువాడు పోలీసు ముఖ్యుడుగా నుండి, శతాబ్దమునకు పూర్వమే అచ్చటి విశ్వవిద్యాలయపు విద్యార్థులను తన దళములో చేర్చుకొనెను. ఊరివారు పరిహాసముగా 'కాలేజీ పోలీసులు' అనిరి. వారిలో జాన్ లార్సన్ అనువాడు శరీరశాస్త్రమున డాక్టరు పట్టము పొందినవాడు. 1921 లో అతడు ఊపిరిని, నాడిని, రక్తపుపోటును ఒక్కమారుగా గుర్తించు యంత్రము నమర్చెను. అబద్ధము పట్టు యంత్రమని లోక మెరిగినది అదియే. దానికి వచ్చిన తొలి పరీక్షలలో నొకటి, ఆడపిల్లలు వసించు విద్యార్థినీ గృహమున జరిగిన దొంగతనములు! అచ్చటి పిల్లల నొక్కొక్కరినే యంత్రమునకు కట్టి ప్రశ్నించిరి. ఒక పిల్లపై అనుమానము నిలిచినది. ఆమె తరువాత ఒప్పుకొనెను. పత్రికలు యంత్రమును ఆకాశమున కెత్తినవి. కాని లార్సన్ తానే కాలము గడచిన కొలది ఆ యంత్రమును జనులు వాడు తీరును చూచి దానిని నిరసించెను. భయపడినవాని గుండెయు దోషి గుండెయు ఒక్క తీరుననే కొట్టుకొనవచ్చును గదా! మన దేశమున 2010 మే 5 న సుప్రీంకోర్టువారు సెల్వీ కేసులో, మనిషి యిష్టము లేక ఇట్టి పరీక్షలు చేయరాదని తీర్పు చెప్పిరి. యంత్ర మెంత గొప్పదైనను జాడ తీయు కష్టము తప్పదని దీని భావము.

వేలిముద్రల శాస్త్రము పెరుగుటలో మాత్రము మన దేశమునకు పెద్ద పాలు కలదు. 1897 లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయము వెలసినది. ముద్రలను వర్గములుగా విభజించు పద్ధతిని తీర్చుటలో అజీజుల్ హక్, హేమచంద్ర బోసు అను ఇద్దరు భారతీయ ఉద్యోగులు పాటుపడిరి. చదువురాని స్త్రీ సిగ్గుతో వేయు నిశానీ యని మన మనుకొను ఆ ముద్ర, ప్రపంచపు ఠాణాల కన్నిటికి సాక్ష్యమైనది. మా మేనకోడలు మూడవ వారమున ఒక దొంగతనము జరిగిన యింటికి దర్యాప్తు అధికారి వెంట వెళ్లినప్పుడు దానికి చెప్పిన మొదటి మాట, "చేతులు వెనుక కట్టుకొని నిలువుము" అని. అది పటము గీయుటకు కొలతలు చెప్పినది, దేనిని ముట్టలేదు. మన యింట దొంగలు పడినప్పుడు మనము చేయు మొదటి పని, బీరువా సర్దుట, నేల తుడుచుట! ఇకమీద అట్లు చేయరాదని గ్రహింపుడు. ఏడేండ్లు లేక అంతకు మించిన శిక్ష పడదగిన నేరములలో శాస్త్రపరీక్షకులు స్వయముగా ఆ స్థలమునకు రావలెనని క్రొత్త నాగరిక సురక్షా సంహిత 176 వ సెక్షను చెప్పుచున్నది; ఏర్పాట్లు చేసికొనుటకు రాష్ట్రములకు అయిదేండ్ల గడువు కలదు. వారు వచ్చునప్పటికి మనము తుడిచివేసినచో వారికి మిగులున దేమి?

మా ప్రాంతపు నేరములు కూడ ఇప్పుడు కాలిజాడతో తేలునవి కావు. పెనుకొండ కర్మాగారమున సుమారు 900 ఇంజనులు కొన్ని సంవత్సరములుగా కొంచెము కొంచెముగా మాయమైనవని 2025 మార్చిలో కంపెనీవారు ఫిర్యాదు చేసిన సంగతి పత్రికలలో మీరు చదివియుందురు. గోడ దూకి ఇంజనును భుజమున మోసికొనిపోవు దొంగ యుండడు. ఇట్టి నేరములో వెదకవలసినది లెక్కల పుస్తకములను, రాకపోకల చీట్లను. వాణిజ్యము చదివిన విద్యార్థి యొక్క కన్ను ఇట్టిచోట పనికి వచ్చునని వేరుగా చెప్ప నక్కరలేదు. పుస్తకమున నేర్చిన జమాఖర్చు ఒక మోసమునకు జాడ కాగలదని తెలిసిననాడు వాని చదువునకే విలువ హెచ్చును.

ధర్మవరమున మోసము మరియొక తీరు. నేతగాడు చీరె పటమును ఫోనులో పంపును. ఎవరో దూరపు ఊరినుండి కొందుమని, డబ్బు పంపుచున్నామని చెప్పి, ఒక గుర్తు పంపి నొక్కుమందురు. నొక్కినచో డబ్బు వచ్చుటకు బదులు పోవును. పడుగొక రంగు, పేకొక రంగు కలిపి నీడలు దేరునట్లు నేసిన తన చీరెను నూరింటిలో గుర్తింపగల ఆ నేతగాడు, ఫోనులోని మాయను గుర్తింపజాలడు. అచ్చట కళాశాల పిల్లలు పెద్దలకంటె మేలు. ఇట్టి మోసము జరిగిన వెంటనే 1930 అను నంబరునకు చెప్పవలెను. ఎంత త్వరగా చెప్పిన, బ్యాంకులలో ఆ డబ్బును నిలుపుటకు అంత అవకాశము. సిగ్గుపడి రెండు దినములు దాచినచో డబ్బు పది చేతులు మారును. పోలీసు దుస్తులతో ఫోనులో కనబడి "నిన్ను డిజిటల్ అరెస్టు చేసితిమి, తలుపు వేసికొని కూర్చుండుము" అని బెదరించువారు కూడ బయలుదేరిరి. అట్టి అరెస్టు మన చట్టములో ఏదియు లేదు. ఈ మాటను మీ యింట ముసలివారికి ఈ దినమే చెప్పుడు.

మా మేనకోడలు ఠాణానుండి యింటికి తెచ్చిన ధనము మరియొకటి కలదు: చట్టము ఆడవారికి ఇచ్చిన కొన్ని హక్కులు. వానిని ఒక కాగితమున వ్రాసి వదిన వంటయింటి గోడకు అంటించెను. మీకును ఉపయోగించునని యిచ్చట చెప్పుచున్నాము. సాక్షిగా విచారించుటకు స్త్రీని ఠాణాకు రమ్మని పిలువరాదు. ఆమె యింటికే పోలీసులు రావలెను. ఇది 179 వ సెక్షను. అసాధారణ సందర్భములలో తప్ప, సూర్యాస్తమయము తరువాత సూర్యోదయమునకు ముందు స్త్రీని అరెస్టు చేయరాదు. నేరము ఏ ఠాణా పరిధిలో జరిగినను, దగ్గరనున్న ఠాణాలో ఫిర్యాదు వ్రాసికొనవలెను; దీనిని జీరో ఎఫ్.ఐ.ఆర్. అందురు. హిందూపురమువారికి ఇది ఎంతో మేలు. గౌరీబిదనూరులో నగ పోయినచో, "అది కన్నడదేశము, అచ్చటికే పొమ్ము" అని త్రిప్పి పంపుటకు వీలులేదు. ఎఫ్.ఐ.ఆర్. నకలు రూపాయి తీసికొనక ఇవ్వవలెను. దర్యాప్తు ఎంతవరకు వచ్చినదో తొంబది దినములలోపల ఫిర్యాదికి తెలుపవలెను. మా వదిన పప్పు తాలింపు వేయుచు ఈ కాగితమును చదువుట మేము చూచితిమి.

నెల సగము గడచినప్పుడు వదిన భయపడినదే వచ్చినది. ఒక మంచి సంబంధమువారు పిల్లను చూచి మెచ్చి, ఠాణాకు పోవుచున్నదని విని, "రేపటినుండి మాన్పింపుడు, తక్కిన మాటలు తరువాత మాటలాడుకొందము" అని కబురు పంపిరి. అన్నగారు మౌనముగా నుండిరి. పిల్ల ముఖము చిన్నబోయినది. అప్పుడు వదినయే, "పట్టిన పని సగములో విడుచు పిల్లను మీ యింటికి పంపుట మాకు మర్యాద కాదు. ముప్పది దినములు ముగియనిండు" అని జవాబు చెప్పించెను. వారు మరల కబురు చేయలేదు. ఆ సంబంధము పోయినందుకు వదినకు విచారము లేదని మేము వ్రాయజాలము, తల్లి కదా! కాని పిల్ల ముందర ఆమె ఒక్కమారైనను ఆ మాట ఎత్తలేదు.

పంపదలచు తల్లులకు కొన్ని మాటలు చెప్పవలసి యున్నది. ఈ కార్యక్రమమునకు కళాశాల ద్వారా వ్రాతపూర్వకముగా అనుమతి యుండవలెను. పనివేళలు ముందుగా తెలిసియుండవలెను. రాత్రివేళ పిలుపు వచ్చినచో వెళ్లరాదు. విద్యార్థి చూడవచ్చును, వ్రాయవచ్చును, నేర్వవచ్చును. సోదా చేయుట, ముద్దాయిని ప్రశ్నించుట, సాక్ష్యము ముట్టుట అధికారుల పని, విద్యార్థి పని కాదు. అట్టి పని చేయుమని ఎవరు చెప్పినను, పిల్ల తన అధ్యాపకులకు తెలుపవలెను. అచ్చట విన్నది అచ్చటనే విడువవలెను. ఫోనులో పటములు తీసి స్నేహితులకు పంపుట పెద్ద దోషము. మానభంగమునకు గురియైన స్త్రీ పేరు బయటపెట్టుట భారతీయ న్యాయసంహిత 72 వ సెక్షను క్రింద శిక్షార్హము కూడను. పిల్లవానిని పంపినను, పిల్లను పంపినను ఈ నియమములు ఒక్కటియే.

ఠాణావారికి కూడ దీనివలన మేలు కలదు. 2020 డిసెంబరు 2 న సుప్రీంకోర్టువారు దేశమందలి ప్రతి ఠాణాలోను కెమెరాలు పెట్టవలెనని ఆజ్ఞాపించిరి. గోడమీది కెమెరా చూచును గాని మాటలాడదు. బల్ల ప్రక్కన కూర్చున్న మన పిల్ల చూచును, అడుగును, నేర్చును. అర్జీ వ్రాయరాని ముసలామెకు మంచినీళ్లిచ్చి కూర్చుండబెట్టును. మన పిల్లలు వచ్చి పోవుచున్న చోట మర్యాద పెరుగును. మనము భయపడి దూరముగా నిలిచినంత కాలము ఠాణా మన భయమునకు తగినట్లే యుండును.

ముప్పది దినములు ముగిసిన తరువాత మా మేనకోడలు పోలీసు ఉద్యోగమునకే పోవుదునని అనలేదు. న్యాయశాస్త్రము చదువుదునని చెప్పుచున్నది. ఏది చదివినను మాకు సంతోషమే. మీ యింట ఇట్టి కోరిక పుట్టినచో వెంటనే కాదనకుడు. కళాశాలవారిని అడుగుడు, ఠాణాలో మహిళా అధికారి యున్నదా యని విచారింపుడు, పై నియమములను పిల్లచేత చదివింపుడు. పోయి వచ్చిన దినమున ఎవరి యింటి సంగతులు విన్నావని అడుగక, ఏమి నేర్చితివని అడుగుడు.